ఉచిత క్యాడ్ సాఫ్ట్‌వేర్: గీసింది ఎవరి చేతికి వెళ్తుందో ముందు తేల్చుకోండి

కొత్తగా క్యాడ్ (కంప్యూటర్‌లో కొలతలతో డ్రాయింగులు, మోడళ్లు గీయడం) నేర్చుకుందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏది తేలిక?" అని. అంతకంటే ముందు తేలాల్సింది మీ ఫైలు చివరికి ఎవరి దగ్గరికి వెళ్తుందన్నది. లేజర్ కటింగ్ షాపువాళ్లు డీఎక్స్‌ఎఫ్ (గీతల డ్రాయింగు ఫైలు) అడుగుతారు. త్రీడీ ప్రింటింగ్‌కు ఎస్‌టీఎల్ గానీ త్రీఎంఎఫ్ గానీ, అంటే త్రీడీ ఆకారం ఉండే ఫైలు కావాలి. సీఎన్‌సీ మిల్లింగ్‌కు (కంప్యూటర్ నడిపే మెషిన్‌తో చెక్కడానికి) స్టెప్ అనే త్రీడీ ఫైలు ఇవ్వాలి. మేస్త్రికైతే కొలతలు స్పష్టంగా కనిపించే ప్రింటు చాలు. ఈ ఒక్కటి తేలితే సగం సాఫ్ట్‌వేర్లు వాటంతట అవే పక్కకు పోతాయి.

రెండో ప్రశ్న డబ్బుది. "ఉచితం" అని రాసి ఉన్నా షరతులు వేరువేరుగా ఉంటాయి. ఆటోడెస్క్ వారి ఫ్యూజన్ పర్సనల్ లైసెన్సు సొంత సరదా పనులకే. ఒకేసారి 10 డాక్యుమెంట్లే మార్చుకునే వీలుతో ఉంటాయి, లైనక్స్‌లో నడవదు. ఆన్‌షేప్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ మీద కూడా బాగానే నడుస్తుంది. కానీ ఉచిత ఖాతాలో మీరు చేసిన ప్రతి డాక్యుమెంటూ అందరికీ కనిపిస్తుంది. కస్టమర్ ఇచ్చిన పార్టును అందులో గీయడం అంటే దాన్ని బజార్లో పెట్టడమే. ఆటోకాడ్ విద్యార్థులకు ఉచితంగా దొరుకుతుంది. అర్హత ఉన్నంతకాలం ఏడాదికోసారి రెన్యూ చేసుకోవచ్చు, అయితే చదువుకు మాత్రమే వాడాలి. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లలు క్రాక్ వెర్షన్ల జోలికి పోకుండా ముందు ఈ దారి చూడాలి.

చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టి, గీసినదాని మీద సంపాదించాలనుకునేవారికి నా సలహా నేరుగా ఫ్రీక్యాడ్. ఓపెన్ సోర్స్, వ్యాపారానికీ వాడుకోవచ్చు, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, ఫైళ్లు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. నేర్చుకోవడానికి మిగతావాటికంటే కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అది నిజమే. అయినా రేపు ఏ కంపెనీ షరతులు మార్చినా మీ పని ఆగదు.

2024 నవంబరులో వచ్చిన 1.0గానీ ఆ తర్వాతిదిగానీ వేసుకోండి. పాత వెర్షన్లలో ఒక కొలత మార్చగానే, దాని మీద ఆధారపడ్డ రంధ్రాలు, ఫిల్లెట్లు (గుండ్రం చేసిన అంచులు) వేరే అంచుకు దూకేసేవి. 1.0లో ఈ జబ్బు చాలావరకు తగ్గింది. లైనక్స్ రిపాజిటరీల్లో (సాఫ్ట్‌వేర్ దొరికే దాని సొంత భండారాల్లో) ఇంకా పాతదే ఉండొచ్చు. అలాంటప్పుడు అధికారిక సైటు నుంచి యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఒక్క ఫైలు) తెచ్చుకోండి.

ఒక ఎల్ బ్రాకెట్‌తో పరీక్ష

వీడియోలు ఎన్ని చూసినా ఒక్క పార్టు చేసి చూసినంత తెలియదు. 60 మి.మీ., 40 మి.మీ. కాళ్లు, 4 మి.మీ. మందం, 30 మి.మీ. వెడల్పు ఉన్న ఎల్ బ్రాకెట్ తీసుకోండి. 60 కాలికి ఒక రంధ్రం: చివరి నుంచి 15 మి.మీ. లోపలికి, ఎం5 బోల్టు పట్టేలా 5.5 మి.మీ. వ్యాసం.

ఫ్రీక్యాడ్‌లో పార్ట్ డిజైన్ వర్క్‌బెంచ్ (పనిముట్ల సెట్) తెరిచి, కొత్త బాడీ (పార్టు ఉండే చోటు), అందులో ఎక్స్‌జెడ్ ప్లేన్ మీద కొత్త స్కెచ్ (చదునైన గీత బొమ్మ) మొదలుపెట్టండి. పాలీలైన్‌తో ఆరు గీతల్లో ఎల్ ఆకారం గీయండి. మొదలుపెట్టిన బిందువు మీదే ముగించాలి. బయటి మూలను ఆరిజిన్‌కు (0,0 బిందువుకు) అతికించి, మూడు గీతలు అడ్డంగా, మూడు నిలువుగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఇవ్వాల్సిన కొలతలు నాలుగే: 60, 40, రెండు చోట్లా 4. అవి పడగానే గీతలన్నీ ఆకుపచ్చగా మారతాయి. ఐదో కొలత ఇస్తే ఎక్కువైందని సాఫ్ట్‌వేర్ గొడవ చేస్తుంది, దాన్ని తీసేయండి. ఆకుపచ్చ రాకపోతే ఏదో ఒక గీత ఇంకా కట్టుబడలేదన్నమాట. మౌస్‌తో లాగి చూడండి, కదిలేది అదే.

స్కెచ్ మూసి, గీసినదాన్ని ఘనంగా సాగదీసే ప్యాడ్‌కు 30 ఇవ్వండి. ఇక్కడ ఎర్రర్ వస్తే చాలాసార్లు కారణం ఒకటే: ఎక్కడో రెండు గీతల చివరలు అతుక్కోలేదు. కంటికి కలిసినట్టే కనిపిస్తాయి. స్కెచర్‌లోని వ్యాలిడేట్ స్కెచ్ తెరిచి, మిస్సింగ్ కోఇన్సిడెన్సెస్ (అతుక్కోని చివరలు) వెతికించి ఫిక్స్ నొక్కండి.

60 కాలి లోపలి ముఖాన్ని ఎంచుకుని కొత్త స్కెచ్‌లో 5.5 వృత్తం గీసి, పాకెట్‌లో (ఆ ఆకారాన్ని తొలిచే పనిముట్టు) త్రూ ఆల్, అంటే ఆరపార అని ఇవ్వాలి. అసలు మెలిక ఇక్కడుంది. రంధ్రాన్ని ఆరిజిన్ నుంచి 45 మి.మీ. అని కొలిస్తే ఇప్పటికి సరిగానే కనిపిస్తుంది. తర్వాత కాలు 60ని 80 చేస్తే, రంధ్రం 45 దగ్గరే ఉండిపోయి చివరికి 35 మి.మీ. దూరమవుతుంది. అందుకే ఎక్స్‌టర్నల్ జామెట్రీ పనిముట్టుతో కాలి చివరి అంచును స్కెచ్‌లోకి తెచ్చుకుని, దాని నుంచి 15 ఇవ్వండి. ఇప్పుడు 60ని 80 చేసి చూడండి. రంధ్రం అంచుతోపాటే జరగాలి.

ఇదే బ్రాకెట్‌ను ఆన్‌షేప్‌లోనో ఫ్యూజన్‌లోనో కూడా చేసి చూడండి. ఎక్కడ చెయ్యి తిరుగుతుందో, ఎక్కడ కొలత మార్చినా పార్టు చెదరకుండా ఉంటుందో ఒక సాయంత్రంలో తెలిసిపోతుంది. టింకర్‌క్యాడ్ స్కూలు పిల్లలకు, తొలి త్రీడీ ప్రింట్లకు చక్కటిది. ఇలా ఒక కొలతకు ఇంకో కొలతను కట్టడం మాత్రం అందులో కుదరదు. బ్లెండర్ గొప్ప సాఫ్ట్‌వేరే అయినా దానిది బొమ్మల ప్రపంచం, మెషిన్ పార్టులకు దాంతో మొదలుపెట్టొద్దు.

ఇంటి ప్లాను, రేకు కటింగ్

త్రీడీ అక్కర్లేదనుకుంటే లిబ్రేక్యాడ్ చాలు. చిన్న ప్రోగ్రాం, ఉచితం. 30×40 అడుగుల స్థలం, అంటే సుమారు 133 గజాలు, గీయాలంటే ముందు కరెంట్ డ్రాయింగ్ ప్రిఫరెన్సెస్‌లో యూనిట్‌ను అంగుళాలకు మార్చండి. దీర్ఘచతురస్రానికి మొదటి మూల 0,0 ఇచ్చి, రెండోదానికి @360,480 అని కొట్టండి. బయటి గోడ 9 అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర. గోడలకు ఒక లేయర్ (పొర), కొలతలకు ఇంకొకటి, తలుపులు కిటికీలకు మరొకటి పెట్టుకుంటే తర్వాత దిద్దడం సులువు. అనుమతికి పెట్టే ప్లాను మాత్రం లైసెన్సు ఉన్న ఇంజనీరు లేదా ఆర్కిటెక్టు చేతే వేయించాలి.

ఇంజనీరు పంపే ఫైళ్లు ఎక్కువగా ఆటోకాడ్ ఫార్మాట్ అయిన డీడబ్ల్యూజీలో ఉంటాయి, చాలా ఉచిత సాఫ్ట్‌వేర్లు దాన్ని సరిగా తెరవలేవు. ఓడీఏ ఫైల్ కన్వర్టర్ అనే ప్రోగ్రాం ఉచితంగానే దాన్ని డీఎక్స్‌ఎఫ్‌గా మార్చిపెడుతుంది. లేదా డీఎక్స్‌ఎఫ్‌లోనే పంపమని అడగండి, వాళ్లకు అది ఒక్క నిమిషం పని.

రేకు కటింగ్‌కు పంపేముందు ఒకే చోట రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయేమో చూడండి. లేజర్ అక్కడ రెండుసార్లు తిరిగి అంచు కాలుతుంది. ఫైలును 1:1లో కాగితం మీద ప్రింటు తీసి, స్కేలు పెట్టి ఒక కొలత సరిచూసుకోండి. ఎస్‌టీఎల్ ఫైలులో యూనిట్లు ఉండవు. అంగుళాల్లో ఎగుమతి చేస్తే స్లైసర్ (మోడల్‌ను త్రీడీ ప్రింటర్‌కు సిద్ధం చేసే ప్రోగ్రాం) వాటిని మి.మీ. అనుకుని పార్టును 25.4 రెట్లు చిన్నగా చూపిస్తుంది. ఎస్‌టీఎల్ పంపినా, అసలు ఫైలునూ స్టెప్ కాపీనీ తప్పక దాచుకోండి. ఎస్‌టీఎల్‌లో మిగిలేవి త్రిభుజాలే కాబట్టి, దాన్నుంచి వెనక్కి వచ్చి రంధ్రం వ్యాసం మార్చడం అంటే దాదాపు మళ్లీ మొదటి నుంచి గీయడమే.

కంప్యూటర్‌కు 8 జీబీ ర్యామ్ ఉంటే ఈ పనులన్నింటికీ సరిపోతుంది, వేరే గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. చక్రం ఉన్న మౌస్ మాత్రం కొనుక్కోండి. టచ్‌ప్యాడ్ మీద మోడల్‌ను తిప్పలేక విసిగి వదిలేసేవాళ్లు చాలామంది. ఫ్రీక్యాడ్‌లో తిప్పడం చేతికి రాకపోతే, కింద కుడి మూలన నావిగేషన్ స్టైల్ (మౌస్‌తో తిప్పే పద్ధతి) ఉంటుంది, దాన్ని జెస్చర్‌కు మార్చి చూడండి.