స్కాన్ చేశాం కానీ ఫైలు దొరకట్లేదు: కాగితం నుంచి కంప్యూటర్‌కి మారేటప్పుడు వచ్చే చిక్కులు

సమస్య: రికార్డు గదంతా స్కాన్ అయిపోయింది, అడిగిన కాగితం మాత్రం దొరకదు.

ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఫోల్డర్ తెరిస్తే స్కాన్0001, స్కాన్0002 అంటూ వేల ఫైళ్లు, ఏది దేనిదో తెరిచి చూస్తే తప్ప తెలియదు.

కారణం: స్కానర్ కాగితానికి ఫొటో తీస్తుంది, అంతే. ఆ కాగితం ఏ ఫైల్లోది, ఎవరు ఎవరికి రాశారు, దాని ముందూ వెనకా ఏం జరిగింది అనేవి ఇన్నాళ్లూ ఫైలు అట్ట మీద, రిజిస్టర్‌లో, ఏళ్ల తరబడి ఆ గది చూసుకున్న మనిషి బుర్రలో ఉన్నాయి, వాటినెవరూ స్కాన్ చేయలేదు.

పరిష్కారం: ముందు రిజిస్టర్‌ని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. ఫైల్ నంబర్, విషయం, సెక్షన్, తేదీ, ఎన్నేళ్లు ఉంచాలి, ఈ ఐదు చాలు, ఇరవై కాలమ్‌లు పెడితే ఎవరూ నింపరు. ఫైలు పేరులో తేదీని 2016-04-05 లాగా సంవత్సరంతో మొదలుపెట్టి రాస్తే ఫైళ్లు వాటంతటవే వరసలో కూర్చుంటాయి. 05-04 అని రాస్తే అది ఏప్రిలా మేనా అని రేపు వాదన. అచ్చు కాగితాలకు ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టి మాటలుగా మార్చే సాఫ్ట్‌వేర్) పెడితే లోపలి మాటలతో కూడా వెతకొచ్చు, చేతిరాతకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ఇప్పటికే స్కాన్ చేసేసి ఉంటే మళ్లీ మొదటినుంచి వద్దు, ఎవరైనా ఒక ఫైలు అడిగినప్పుడల్లా దాని వివరాలు అప్పుడే నింపేయండి, ఎక్కువగా వాడే ఫైళ్లు ముందు తేలిపోతాయి. ఆ రికార్డు గది మనిషి రిటైర్ కాకముందే పక్కన కూర్చోబెట్టుకోండి, దయచేసి. ఆయనకు తెలిసినది ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు.

సమస్య: సిస్టమ్ వచ్చినా అందరూ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకుంటున్నారు.

వాళ్లను తిట్టి లాభం లేదు. రెండింట్లో ఏది అసలు కాపీ అన్నది పైవాళ్లు చెప్పలేదు, పైగా సంతకం ఇంకా పెన్నుతోనే కావాలంటున్నారు, అలాంటప్పుడు ప్రింట్ తీయక ఏం చేస్తారు? ఒక తేదీ ప్రకటించండి: ఆ రోజు నుంచి తెరిచే ప్రతి ఫైలూ కంప్యూటర్‌లోనే, ఆమోదం కూడా అందులోనే, నడుస్తున్న పాత ఫైళ్లు ముగిసేదాకా కాగితం మీదే. ఒకే ఫైలు సగం ఇక్కడా సగం అక్కడా ఉండనివ్వకండి.

సమస్య: పేజీలు తగ్గాయి, అక్షరాలు మసక.

కారణాలు: పిన్నులు సరిగా తీయకపోవడం, రెండు కాగితాలు కలిసి లోపలికి పోవడం, వెనకవైపు రాసిన నోట్ వదిలేయడం, తక్కువ రెజల్యూషన్. మామూలు కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) పెట్టండి, స్కాన్‌కి ముందూ తర్వాతా పేజీలు లెక్కపెట్టండి, సరిచూసేది స్కాన్ చేసిన మనిషి కాకుండా ఇంకొకరై ఉండాలి. ఆ పరిశీలన అయ్యి, చట్టప్రకారం అసలు కాగితం ఉంచాలో లేదో తేలేదాకా ఒక్క కాగితం కూడా చించవద్దు.

సమస్య: ఫైల్లో ఎవరో ఏదో మార్చారు, ఎవరో తెలియదు.

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న షేర్డ్ డ్రైవ్‌లో ఇంకేమవుతుంది! 2001లో వచ్చి 2016లో సవరించిన ఐఎస్‌ఓ 15489 అనే అంతర్జాతీయ రికార్డుల నిర్వహణ ప్రమాణం రికార్డు అసలైనదై, నమ్మదగినదై, చెక్కుచెదరనిదై, వాడుకోదగినదై ఉండాలంటుంది. కాబట్టి ఎవరి లాగిన్ వాళ్లకి ఇవ్వండి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో సిస్టమే రాసిపెట్టాలి, ముగిసిన ఫైలుకు తాళం పడాలి.

సమస్య: కొన్నేళ్ల కిందటి ఫైళ్లు తెరుచుకోవట్లేదు.

ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే తెరుచుకునే ఫార్మాట్‌లో దాచారు, ఆ సాఫ్ట్‌వేర్ పోయింది. ఎక్కువ కాలం ఉండాల్సినవాటికి 2005 నుంచి ప్రమాణంగా ఉన్న పీడీఎఫ్/ఏ (ఎక్కువ కాలం దాచడానికే చేసిన పీడీఎఫ్ రకం) వాడండి, ఫాంట్లు కూడా ఫైల్లోనే ఉంటాయి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే భవనంలో. అప్పుడప్పుడూ ఆ బ్యాకప్ నుంచి ఒక ఫైలు నిజంగా వెనక్కి తెచ్చి, తెరిచి చూడండి.