లాడ్జి కౌంటరు దగ్గర కథలు: రోజూ రాయడం ఎలా అలవాటవుతుంది

తిరుపతి బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జిలో నాది నైట్ డ్యూటీ. కథలు రాస్తాను, కొన్ని పత్రికల్లో వచ్చాయి. ఆ సంగతి తెలిసినవాళ్లు, ముఖ్యంగా యూనివర్సిటీలో చదువుకునే పిల్లలు, ఒకటే అడుగుతారు: "అన్నా, నీకు టైం ఎట్ట దొరుకుతుంది? మూడ్ ఎట్ట వస్తుంది?" వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు టైం సంగతి. "రోజూ పొద్దున ఐదింటికి లేచి రాస్తాను" అని పెట్టుకున్న నియమం చాలామందికి వారం నిలవదు. ఆ గంటను మనమే పెట్టుకున్నాం కాబట్టి మనమే జరిపేస్తాం. అదే మన చేతిలో లేని పనికి రాతను కట్టేస్తే జరపడం కష్టం. చెన్నై, బెంగళూరు బస్సుల్లో వచ్చినవాళ్లకు గదులు ఇచ్చేసరికి రాత్రి చాలా అవుతుంది. దర్శనం టోకెన్ల కోసం విష్ణు నివాసానికో శ్రీనివాసానికో పోయేవాళ్లు పోతారు. అప్పుడు నేను రోజు లెక్క చూసి, క్యాష్ డ్రాయరుకు తాళం వేస్తాను. తాళం పడిందంటే నోటుబుక్కు బయటికి రావాల్సిందే. గడియారంలో ఎంతయిందో చూడను. మీ ఇంట్లో అది పాలకేంద్రంలో పాలు పోసి వచ్చిన తర్వాత కావచ్చు, పిల్లలను స్కూలు ఆటో ఎక్కించిన తర్వాత కావచ్చు, రేణిగుంట నుంచి రోజూ ఎక్కే బస్సులో సీటు దొరికిన తర్వాత కావచ్చు. మీరు తలచుకున్నా తలచుకోకపోయినా జరిగే పని ఒకటి వెతుక్కోండి. రాతను దాని వెనకే పెట్టండి.

కొలత చిన్నదిగా ఉండాలి. నాది అర పేజీ. ఊపు వస్తే ఇంకా రాస్తాను, కానీ మర్నాటికి అది బాకీగా మిగలదు. మర్నాడు మళ్లీ అర పేజీయే.

రాయడానికి ఏమీ తోచకపోతే ఎట్ట అనేది ఇంకో ప్రశ్న. దానికి నా దగ్గర రెండో పుస్తకం ఉంది. జేబులో పట్టే చిన్నది, అందులో విన్న మాటలు మాత్రమే రాస్తాను. ఒక రాత్రి కుప్పం వైపు నుంచి వచ్చిన ముసలామె తన జడను చేత్తో పట్టుకుని, కౌంటరు దగ్గర నిలబడి అడిగింది: "గుండు కొట్టిస్తే చలి పెడతాదా నాయనా?" ఆ మాట అన్నది అన్నట్టే రాసుకున్నాను. 'పెడతాదా'ను 'పెడుతుందా' అని దిద్దలేదు. దాని కింద మూడు ప్రశ్నలు వేసుకున్నాను. ఈ మొక్కు ఎవరి కోసం? వద్దన్నది ఎవరు? ఇంటికి పోయాక ఆమె తలను మొదట చూసేది ఎవరు? రోజుకు ఒక ప్రశ్నకు జవాబు రాస్తూ పోయాను. మూడో ప్రశ్న దగ్గర కథ దొరికింది, ఎందుకంటే అక్కడ కోడలు వచ్చింది. విన్న మాట ఒక్కటే కథ కాదు. దాన్ని ప్రశ్నలు అడగడం నేర్చుకుంటే తోచని రోజు అంటూ ఉండదు. ఒక హద్దు మాత్రం నేను దాటను: లాడ్జి రిజిస్టరులో ఉన్న పేరు, ఊరు, ఆధార్ కార్డు మీది వివరం ఏదీ కథలోకి రాదు. మనల్ని నమ్మి ఇచ్చిన కాగితం అది.

మన ఊళ్లో రోజూ రాయడం గురించి మాట్లాడుతూ అన్నమయ్యను తలవకుండా ఉండలేం. ఆయన భక్తి గురించి అందరూ చెబుతారు. రాసేవాళ్లు ఆయన లెక్కను కూడా చూడాలని నా కోరిక. తాళ్లపాకవారి రాగిరేకుల మీద ఉన్నదాని ప్రకారం ఆయన పదహారో ఏట శక సంవత్సరం 1346లో, అంటే క్రీ.శ. 1424లో, సంకీర్తనలు రాయడం మొదలుపెట్టాడు. శక సంవత్సరం 1424 ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు, అంటే క్రీ.శ. 1503 వరకు, సాగించాడు. మనవడు చిన్నన్న చెప్పిన 32 వేల సంకీర్తనలను ఆ 79 ఏళ్లకు పంచి చూడండి. రోజుకు ఒకటి, ఆపైన కాస్త. అన్నీ ఒకే ఎత్తున ఉండాలని ఆయన పట్టుబట్టలేదు. అందులో జోల ఉంది, లాలి ఉంది, కోలాటం ఉంది, దంచేటప్పుడు పాడుకునే సువ్వి పాట ఉంది. ఇవాళ పెద్ద భావం అందకపోతే ఉయ్యాల పాట రాయొచ్చు. రోజూ రాయాలనుకునేవాడికి ఆ వెసులుబాటు కావాలి. తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా ఉన్న చిన్న అరలోనే ఆ రేకులు శతాబ్దాల పాటు ఉన్నాయి. సగానికి పైగా పాటలు మనకు దొరకనే లేదు.

ఒళ్లు అలిసిన రోజు కొత్తది రాయకండి. ఆ రోజుకు వేరే పని దాచిపెట్టుకోండి: పాతది సాపు చేయడం, టైపు చేయడం. నేను ఫోన్లో నోటితో చెప్పి టైపు చేయిస్తాను. మన చిత్తూరు యాస దానికి పట్టుబడదు. 'వస్తా ఉండా' అంటే 'వస్తా ఉందా' అని పడుతుంది. కాబట్టి సంభాషణలు మాత్రం వేలితోనే కొడతాను. నిద్రమత్తులో కూడా చేయగలిగిన పని ఇది, పైగా ఒక్కో మాటా మళ్లీ చెబుతూ, కొడుతూ పోయేటప్పుడు అనవసరమైన మాట ఇట్టే తెలిసిపోతుంది.

బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు, వైకుంఠ ఏకాదశి ముందూ వెనకా, నాకు కూర్చోవడానికే తీరిక ఉండదు. గరుడసేవ రాత్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రోజులకు చిన్న పుస్తకంలో ఒక్క విన్న మాట చాలని ముందే నిర్ణయించుకుంటాను. మీ ఉద్యోగంలోనూ ఇలాంటి రద్దీ రోజులు ఉంటాయి. పంట కోతలో, పరీక్షల్లో, పెళ్లిళ్లలో. వాటిని క్యాలెండరులో ముందే గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆ తప్పిన పేజీలన్నీ ఒకేసారి రాసి పూడ్చాలని చూడొద్దు. మనసు విరిగిపోయేది అక్కడే.

ఇక పత్రికకు పంపడం. కథతో పాటు హామీపత్రం పెట్టాలి: ఇది సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని. యూనికోడ్‌లో పంపాలా, వేరే ఫాంటు అడుగుతున్నారా అనేది కూడా చూసుకోండి. పంపిన తేదీ, పత్రిక పేరు ఒక పేజీలో రాసి పెట్టుకోండి. లేదంటే ఒకే కథ రెండు చోట్లకు పోయే ప్రమాదం ఉంది. అసలైన కష్టం ఆ తర్వాతి ఎదురుచూపు. జవాబు నెలల తరబడి రాకపోవచ్చు, అసలే రాకపోవచ్చు. ఆ టెన్షన్‌లో చేయి ఆగిపోయినవాళ్లను చూశాను, మంచి చేయి ఉన్నవాళ్లే. అందుకే పంపిన రోజే తర్వాతి కథ మొదటి వాక్యం రాయమంటాను. బాగుండకపోయినా సరే. ఉగాదికీ సంక్రాంతికీ కథల పోటీలు పెడతారు, వాటికి రాయండి. కానీ పోటీ ఉంటేనే రాసే అలవాటు చేసుకోకండి. ఫలితాలు వచ్చిన మర్నాడు గెలిచినా ఓడినా చేతికి పని ఉండదు.

చివరగా, వినేవాళ్లు ఒకరు కావాలి. ఫోన్లో చదివి 'సూపర్' అని పంపేవాళ్లు కాదు, ఎదురుగా కూర్చుని వినేవాళ్లు. మా లాడ్జిలో రూమ్‌బాయ్ ఒకతను ఉన్నాడు, పలమనేరు దగ్గరివాడు. కథలు చదివే అలవాటు లేదు, కానీ వింటాడు. నేను చదువుతూ ఉంటే ఎక్కడో ఒకచోట అతని చేయి ఫోను మీదికి పోతుంది. అక్కడ మార్జిన్లో పెన్సిల్‌తో గీత పెట్టి ఆగకుండా చదువుకుంటూ పోతాను. అతణ్ణి ఎందుకని అడగను. అడిగితే మొహమాటానికి బాగుందంటాడు. మర్నాడు తాళం వేశాక, గీత పడిన చోటికి పైన ఉన్న పేరా నుంచి దిద్దడం మొదలుపెడతాను. వినేవాడికి విసుగు పుట్టించింది సాధారణంగా గీత ఉన్న వాక్యం కాదు, దానికి ముందున్నదే.