నెట్ రాకపోతే వెంటనే ఫార్మాట్ కొట్టించకండి, తప్పు ఎక్కడుందో ఇలా చూడండి

మా పిన్ని వాళ్లింట్లో కంప్యూటర్‌లో ఒకరోజు ఏ వెబ్‌సైట్ తెరిచినా ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని రావడం మొదలైంది. వైరస్ అనుకుని షాపుకి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించారు. పిల్లల చిన్ననాటి ఫొటోలన్నీ పోయాయి. ఇంటికొచ్చాక చూస్తే మళ్లీ అదే మెసేజ్. అప్పుడు నన్ను పిలిచారు. తప్పంతా తేదీలో ఉంది. కంప్యూటర్ గడియారం ఏళ్ల వెనక్కి పోయింది. ఆ ఫొటోల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అందుకే నెట్ సమస్యను బయటి నుంచి లోపలికి వెతకాలి. ముందు లైను, తర్వాత రూటర్ (ఇంటికి నెట్ అందించే బాక్స్), ఆ తర్వాత కంప్యూటర్. వైరస్ మాట చివర్లో.

1. ఫోన్‌తో మొదలుపెట్టండి

ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, ఇంటి వైఫైకి కలిపి, రోజూ చూడని ఏదైనా సైట్ తెరవండి. అదీ రాకపోతే కంప్యూటర్ తప్పేమీ లేదు. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకున్న బాక్స్ మీద ఎల్ఓఎస్ అనే లైటు చూడండి. అది ఎర్రగా వెలుగుతుంటే వైరులోంచి సిగ్నలే రావడం లేదని అర్థం. కంప్లయింట్ ఇవ్వడం తప్ప మనం చేసేదేమీ లేదు. లైట్లు బాగుంటే రీఛార్జ్ గడువు అయిపోయిందేమో చూసుకోండి. తర్వాత బాక్స్ స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేసి మూడు నిమిషాలు వదిలేయండి.

బాక్స్ వెనక పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం ఉంటుంది, దాని జోలికి మాత్రం వెళ్లకండి. నొక్కితే కంపెనీవాళ్లు పెట్టిన సెట్టింగ్స్ పోయి, వాళ్ల మనిషి వచ్చేదాకా నెట్ రాకపోవచ్చు.

2. ఫోన్‌లో వస్తోంది, కంప్యూటర్‌లో రావడం లేదా? తేదీ చూడండి

ప్రతి సురక్షిత సైట్‌కీ గడువున్న సర్టిఫికెట్ ఉంటుంది. కంప్యూటర్‌లో తేదీ తప్పయితే ఆ గడువు సరిపోక బ్రౌజర్ అడ్డుపడుతుంది. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లి, టైమ్ ఆటోమేటిక్‌గా సెట్ అయ్యేలా పెట్టండి. టైమ్ జోన్ మనదే ఉండాలి, ప్లస్ 5:30. ప్లగ్ ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీదున్న బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది సీఆర్2032. వాచీలు బాగుచేసే షాపుల్లో దొరుకుతుంది.

3. రెండు పింగ్‌లు

పింగ్ అంటే అవతలి సర్వర్ జవాబిస్తోందో లేదో చూసే కమాండ్. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి నల్ల విండో తెరవండి. పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, 8.8.8.8 రాసి ఎంటర్ నొక్కండి. తర్వాత ఆ అంకెల బదులు గూగుల్ డాట్ కామ్ పెట్టి మళ్లీ చేయండి.

అంకెలకు జవాబు వచ్చి, పేరుకు రాకపోతే సమస్య డీఎన్ఎస్‌ది. సైట్ పేరును అంకెల అడ్రసుగా మార్చే ఏర్పాటు అది. అదే విండోలో ఐపీకాన్ఫిగ్ కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టండి. అప్పటికీ కాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్‌ను 8.8.8.8 లేదా 1.1.1.1గా మార్చండి.

రెండింటికీ జవాబు లేకపోతే ఐపీకాన్ఫిగ్ ఒక్కటే కొట్టి చూడండి. ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ నుంచి కంప్యూటర్‌కి అడ్రసే అందలేదు. నెట్‌వర్క్ రీసెట్ చేయండి. సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి కాబట్టి ముందే రాసుకోండి.

డీఎన్ఎస్ అంకెలు మీరు మార్చకుండానే మారిపోయి ఉంటే అనుమానించాల్సిందే. డీఎన్ఎస్‌ఛేంజర్ అనే వైరస్ చేసింది ఇదే. దాదాపు 40 లక్షల కంప్యూటర్లకు పాకి, జనాన్ని దొంగ సైట్లకు మళ్లించింది. 2011 నవంబర్‌లో దాని వెనకున్నవాళ్లను పట్టుకున్నాక, బాధితులకు నెట్ ఆగిపోకుండా తాత్కాలిక సర్వర్లు నడిపారు. 2012 జూలై 9న వాటిని ఆపేశారు. అప్పటికీ శుభ్రం చేసుకోని కంప్యూటర్లలో సైట్లు తెరుచుకోని పరిస్థితి వచ్చింది.

4. ఇప్పుడు వైరస్ సంగతి

మామూలు సైట్లన్నీ వస్తూ, యాంటీవైరస్ కంపెనీల సైట్లు, విండోస్ అప్‌డేట్ మాత్రమే రాకపోవడం అన్నిటికంటే పెద్ద గుర్తు. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దానంతటదే ఆగిపోయి మళ్లీ ఆన్ కాకపోవడం ఇంకొకటి.

రెండు చోట్ల చూడండి. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (మన నెట్‌ను వేరే సర్వర్ గుండా మళ్లించేది) మీరు పెట్టకుండానే ఆన్‌లో ఉంటే ఆపేయండి (ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ముట్టుకోవద్దు). రెండోది హోస్ట్స్ ఫైల్, ఏ సైట్ పేరుకు ఏ అడ్రసో కంప్యూటర్ ముందుగా చూసుకునే జాబితా. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లలోకి వరసగా వెళితే కనిపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. # గుర్తుతో మొదలయ్యే లైన్లు ఏమీ చేయవు. ఆ గుర్తు లేకుండా, 127.0.0.1 (అంటే మీ కంప్యూటర్ సొంత అడ్రస్) పక్కన యాంటీవైరస్ సైట్ల పేర్లుంటే వాటిని కావాలనే ఎవరో అడ్డుకున్నట్టు.

శుభ్రం చేసేముందు ఫొటోలు, డాక్యుమెంట్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ప్రోగ్రామ్ ఫైళ్లు వద్దు. తర్వాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి వైరస్‌కి దాక్కోవడం కష్టం. పావుగంట పడుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. బ్రౌజర్‌లో మీకు తెలియని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి.

స్క్రీన్ అంతా నిండిపోయి, సైరన్ మోగుతూ ‘ఈ నంబర్‌కి ఫోన్ చేయండి’ అని వస్తే టెన్షన్ పడకండి. అది ఒట్టి వెబ్ పేజీ. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. ఎవరు చెప్పినా స్క్రీన్ షేరింగ్ యాప్ వేయకండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఒక్క మాట ఇవాళే చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

వైరస్ దొరికితే పాస్‌వర్డ్‌లు మార్చండి, కానీ ఆ కంప్యూటర్ మీద కాదు, ఫోన్‌లోంచి. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు.

స్కాన్ చేశాక కూడా అవే లక్షణాలు తిరిగొస్తుంటే అప్పుడు ఫార్మాట్ సరైనదే. ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌ను వేరే మంచి కంప్యూటర్‌లో, మైక్రోసాఫ్ట్ సొంత సైట్ నుంచి తయారు చేయించుకోండి. షాపువాళ్లు క్రాక్ చేసిన విండోస్ వేస్తామంటే ఒప్పుకోవద్దు.