రిచ్‌మండ్‌లో సముద్ర సరీసృపాల శిలాజాలు వెతకాలంటే

ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని రిచ్‌మండ్ ఇప్పుడు ఎండిన గడ్డి మైదానం, కానీ సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది, అందుకే 1989లో దాదాపు పూర్తి ప్లీసియోసార్ (తెడ్లలాంటి నాలుగు కాళ్లతో ఈదే సముద్ర సరీసృపం) అస్థిపంజరం బయటపడింది. ముందు ఊళ్లోని క్రోనోసారస్ కార్నర్ మ్యూజియానికి వెళ్లి, ఎక్కడ తవ్వనిస్తారో, రూల్స్ ఏంటో అడగండి. జూన్, జులై మంచివి, అప్పుడక్కడ చలికాలం. పొద్దున్నే ఏటవాలు వెలుతురులో మెల్లగా నడవండి. ఇక్తియోసార్ (చేప ఆకారంలో ఉండే సముద్ర సరీసృపం) వెన్నుపూస మందపాటి క్యారమ్ స్ట్రైకర్‌లా గుండ్రంగా, రెండు వైపులా గుంట పడి ఉంటుంది, నిలువునా విరిగితే లోపల అచ్చం డమరుకం ఆకారమే. ఎముకలు వరసగా కనిపిస్తే మాత్రం దయచేసి ఒక్కటి కూడా లాగకండి! ఫొటో తీసి, లొకేషన్ సేవ్ చేసుకుని, మ్యూజియం వాళ్లకి చెప్పండి, ఎందుకంటే ఏ ఎముక పక్కన ఏది ఉందో ఒకసారి చెదిరితే మళ్లీ తెలుసుకోలేం.