జపాన్ ప్రయాణంలో మంచి సాదా రెస్టారెంటును వెతుక్కోవడం ఎలా?

జపాన్ వెళ్లి వచ్చినవారు అక్కడి తిండి గురించి పెదవి విరిచినప్పుడు, ఎక్కడ తిన్నారని అడిగి చూడండి. పేరున్న గుడి ముందు వీధిలోనో, పెద్ద స్టేషను ఎదురుగానో, ఆకలి ముదిరాక కంటికి కనిపించిన మొదటి చోట తిన్నామని చెబుతారు. వెయ్యి, పదిహేను వందల యెన్లకే, ఒక్క వంటకాన్ని ఏళ్ల తరబడి వండుతున్న చేతి రుచి దొరికే దేశంలో అలా తిని రావడం చాలా బాధాకరం. మంచి చోటు అదృష్టం కొద్దీ దొరికేది కాదు. ఆకలి వేయకముందే ఒక వరసలో వెతికితే, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఇక్కడ చెప్పేది ఖరీదైన సుషీ గురించో విందు భోజనాల గురించో కాదు, అక్కడి ఉద్యోగులు, విద్యార్థులు రోజూ తినే సాదా రెస్టారెంట్ల గురించి మాత్రమే.

కావలసినవి

ఇంటర్నెట్ ఉన్న ఫోను, గూగుల్ మ్యాప్స్, కెమెరాతో బోర్డులను చదివి చెప్పే అనువాద యాప్, చేతిలో కొన్ని వెయ్యి యెన్ల నోట్లు ఉంటే చాలు. నోట్లు ఎందుకంటే, చిన్న చోట్లలో చాలావరకు నగదే నడుస్తుంది. తినడానికి ముందే డబ్బు తీసుకుని వంటకం టికెట్ ఇచ్చే మిషన్లలో అనేకం 10,000 యెన్ల నోటును మింగవు, పాత మిషన్లు కొన్ని 2024 జూలైలో వచ్చిన కొత్త నోట్లను కూడా తీసుకోవు.

మొదటి దశ: ముందు వంటకం, తరవాత రెస్టారెంటు

"మంచి జపనీస్ రెస్టారెంటు" అని వెతకకండి. మనం పెసరట్టుకు ఒక చోటికి, బిర్యానీకి మరో చోటికి వెళ్లినట్టే, జపాన్‌లో సోబా (బక్‌వీట్ నూడుల్స్) తినడానికి సోబా దుకాణానికి, తొంకత్సు (రొట్టె పొడి అద్ది వేయించిన పందిమాంసం) తినడానికి తొంకత్సు దుకాణానికి, కోడిమాంసం చువ్వలకు యాకితోరి దుకాణానికి వెళతారు. ఈ విభజన మన దగ్గరకన్నా అక్కడ చాలా గట్టిది. సుషీ, రామెన్ (రసంలో వేసిన నూడుల్స్), తెంపురా (పిండిలో ముంచి వేయించినవి), వాగ్యూ గొడ్డుమాంసం అన్నీ ఒకే మెనూలో, రంగుల ఫొటోలతో, యాత్రికుల వీధిలో కనిపిస్తే అక్కడ ఆగవద్దు. రకరకాల వంటకాలు సహజంగానే దొరికే చోట్లు కూడా ఉన్నాయి. అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, ఊరగాయ, ఒక ప్రధాన వంటకం కలిపి పళ్లెంగా ఇచ్చే షొకుదో ఒకటి, సాయంత్రం మద్యంతోపాటు చిన్న చిన్న వంటకాలు తినే ఇజకయా మరొకటి. వాటిని ఈ నియమానికి బయట ఉంచండి.

వంటకాన్ని ఎంచుకునేటప్పుడు మీరున్న ఊరిని బట్టి ఎంచుకోవాలి. ఫుకువోకాలో పంది ఎముకల రసంతో చేసే హకతా రామెన్, సప్పోరోలో మిసో రామెన్, కగావాలో ఉడోన్ (లావు గోధుమ నూడుల్స్), హిరోషిమాలో నూడుల్స్ పొరగా వేసి పెనంమీద కాల్చే ఒకొనోమియాకి అనే అట్టు, నగోయాలో మిసో పోసిన తొంకత్సు తినకుండా, వాటిని టోక్యోలోనో క్యోతోలోనో వెతుక్కోవడంలో అర్థం లేదు.

శాకాహారులు ఈ దశలోనే మరికొంత జాగ్రత్త పడాలి, ఎందుకంటే గుమ్మం దగ్గరికి వెళ్లాక అడిగితే ఫలితం ఉండదు. జపాన్ వంటలో దాషి అనే రసం దాదాపు అన్నిటికీ పునాది, అందులో సాధారణంగా ఎండబెట్టిన బొనీతో చేప ఉంటుంది. కూరగాయల ఉడోన్ అని రాసి ఉన్నా రసంలో చేప ఉంటుంది, చల్లని సోబాతో ఇచ్చే పులుసులోనూ ఉంటుంది. మాంసం ముక్క లేని కూరలో (అన్నంతో తినే జపనీస్ కర్రీలో) కూడా పందికొవ్వో గొడ్డుకొవ్వో ఉండవచ్చు. "మాంసం వద్దు" అంటే చాలదు, చేప రసమూ వద్దని జపనీస్‌లో రాయించుకున్న చీటీ చూపించాలి. కొకో ఇచిబాన్యా అనే కూర దుకాణాల గొలుసులో శాకాహార కూర దొరికే శాఖలు చాలా ఉన్నాయి. బౌద్ధ ఆలయాల సంప్రదాయంలోని షోజిన్ భోజనం పూర్తి శాకాహారమే, కాని అది సాదా ధరకు రాదు. టోక్యోలో ఉంటే, భారతీయులు ఎక్కువగా నివసించే నిషికసాయి ప్రాంతంలో మన భోజనం దొరుకుతుంది.

రెండో దశ: జపనీస్ లిపిలో వెతకండి

ఇంగ్లీషులో వెతికితే, ఇంగ్లీషు తెలిసిన యాత్రికుల కోసం తయారైన చోట్లే ముందు వస్తాయి. అనువాద యాప్‌లో "తెయిషొకు" (పళ్లెం భోజనం), "ఇజకయా", "సోబా" వంటి మాటలను జపనీస్ లిపిలోకి మార్చి, ఫోనులో ఒక నోట్‌గా దాచుకుని, కావలసినప్పుడు మ్యాప్స్‌లో అతికించండి. కనిపించే పటం ఒక్కసారిగా మారిపోతుంది. వెతికే వలయం మీరు ఉన్న చోటు నుంచి పది నిమిషాల నడక దాటనివ్వకండి. ఊరి అవతల ఉన్న "తప్పక తినవలసిన" చోటి కోసం రెండు రైళ్లు మారి వెళ్లేవారు, దారిలో అంతే మంచి దుకాణాలు నాలుగైదు దాటుకుని వెళతారు. టోక్యోలో షింబాషి, కాందా, పుస్తకాల దుకాణాలకూ కూరకూ పేరుపడ్డ జింబోచో, ఒసాకాలో తెన్మా వంటి చోట్ల స్టేషను నుంచి ఒకటి రెండు సందులు లోపలికి నడిస్తే చాలు.

మూడో దశ: రేటింగులను సరిగ్గా చదవడం

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే, కనుక దీన్ని తొందరపడకుండా చదవండి.

జపాన్ వారు రెస్టారెంట్లకు ఎక్కువగా వాడే తబెలోగ్ అనే సైటులో మార్కులు 5కు ఇస్తారు. కాని అక్కడి 3.2ను మన యాప్‌లలోని 3.2గా చదివితే మొత్తం తలకిందులవుతుంది. అది వినియోగదారుల మార్కుల సాదా సగటు కాదు. ఎక్కువ చోట్ల తిన్న అనుభవం ఉన్న సమీక్షకుల మాటకు ఎక్కువ బరువు ఇచ్చి లెక్కిస్తారు. అందువల్ల అత్యధిక దుకాణాలు 3కూ 3.5కూ మధ్యనే ఉంటాయి, 3.5 దాటినది చాలా మంచి దుకాణం కిందే లెక్క. సమీక్షలు తక్కువగా ఉన్న దుకాణం అంకె 3 దగ్గరే నిలిచిపోతుంది కాబట్టి, అంకె పక్కన సమీక్షల సంఖ్య చూడకుండా నిర్ణయానికి రాకూడదు. సాదా భోజనానికి నేను పెట్టే నియమం ఇది: వందకు పైగా సమీక్షలు, 3.2 నుంచి 3.5 లోపు అంకె. అంతకు పైన ఉన్నవాటిలో ఖరీదైనవీ, గంటసేపు వరసలో నిలబెట్టేవీ ఎక్కువ. ఒక గిన్నె నూడుల్స్ కోసం ప్రయాణంలో గంట పోగొట్టుకోకూడదు.

గూగుల్ అంకెలను దీనికి పూర్తిగా వేరే పద్ధతిలో చదవాలి. అక్కడ యాత్రికులూ స్థానికులూ కలిసి మార్కులు వేస్తారు. స్థానికులకు 3 అంటే "బాగానే ఉంది" అని, కొంచెం మెచ్చుకుంటే 4. మొదటిసారి జపాన్‌లో అడుగుపెట్టిన యాత్రికుడు ఏది తిన్నా 5 వేస్తాడు. అందుచేత ఇరవై ఏళ్లుగా ఒకే సందులో నడుస్తున్న షొకుదోకు 3.7, యాత్రికుల వీధిలో నిన్నమొన్న తెరిచిన చోటికి 4.9 కనిపించడం వింత కాదు. 4.8 దాటిన అంకె, వేల సమీక్షలు, అన్నీ ఇంగ్లీషులోనే, అందులోనూ వడ్డించినవారి మర్యాద గురించి తప్ప తిండి గురించి ఒక్క మాట లేకపోతే అక్కడికి వెళ్లకండి. ఐదు నక్షత్రాలు వేస్తే ఒక పానీయం ఉచితమని బల్లమీద కాగితం పెట్టే చోట్లు కూడా ఉన్నాయి.

అంకె చూశాక సమీక్షలను కొత్తవి ముందు వచ్చేలా పేర్చి, జపనీస్‌లో ఉన్నవాటిని అనువదించి కనీసం పది చదవండి. వాటిలో మీకు కావలసినది పొగడ్త కాదు, వంటకం పేరు. ఒకే వంటకాన్ని వేరు వేరు మనుషులు వేరు వేరు నెలల్లో ప్రస్తావిస్తే, ఆ దుకాణం బలం అదే, మీరు అడగవలసినదీ అదే. నింద రాసిన సమీక్షలను ఇంకా శ్రద్ధగా చదవాలి. "ఇంగ్లీషు రాదు", "ఆరుగురం వెళితే చోటు లేదన్నారు", "చాలాసేపు నిలబడ్డాం", "కార్డు తీసుకోలేదు" వంటివి వంటలో లోపాలు కావు. ఎనిమిది పది కుర్చీల కౌంటరును ఇద్దరు మనుషులు నడిపితే ఇవన్నీ తప్పవు. "రసం చల్లారిపోయింది", "నూనె వాసన వచ్చింది", "మునుపటి రుచి లేదు" అనే మాటలు ఇటీవలి నెలల్లో రెండు మూడు సార్లు కనిపిస్తే మాత్రం, అంకె ఎంత ఉన్నా వదిలేయాలి.

తబెలోగ్‌లో మధ్యాహ్నం ఖర్చూ రాత్రి ఖర్చూ విడివిడిగా ఉంటాయి. మధ్యాహ్నం వెయ్యి యెన్లకు పళ్లెం పెట్టే చోటే రాత్రి ఐదారు వేలు కావచ్చు. ఆ రెండూ చూసి, వారపు సెలవు ఏ రోజో కూడా అక్కడే చూసుకోండి.

సోషల్ మీడియా వీడియోలలో వచ్చే జాబితాలతో ఇదంతా అవసరం లేదని కొందరు అంటారు. ఆ జాబితాలు చూసినవారంతా ఆ పది చోట్లకే చేరడం వల్ల, అక్కడి వరసలో స్థానికులు నిలబడడం మానేస్తారు. కౌంటరు ముందు స్థానికులు లేని దుకాణానికి వంట నిలబెట్టుకోవలసిన అవసరం తగ్గిపోతుంది.

నాలుగో దశ: వేళ

మధ్యాహ్న భోజనం సుమారు 11:30 నుంచి 2 గంటల వరకు, రాత్రి భోజనం 5 లేదా 5:30 నుంచి. మధ్యలో చాలా చోట్ల తలుపులు మూసే ఉంటాయి. కార్యాలయాల ప్రాంతంలో 12 నుంచి 1 వరకు రద్దీ, కాబట్టి 11:30కే వెళ్లండి. కగావాలోని ఉడోన్ దుకాణాలు అనేకం నూడుల్స్ అయిపోగానే మధ్యాహ్నానికే మూసేస్తాయి. రోజుకు ఒక్క మంచి భోజనమే చేయదలిస్తే అది మధ్యాహ్నమే చేయాలి, ఎందుకంటే అదే వంట సగం ధరకు దొరికేది అప్పుడే.

ఐదో దశ: గుమ్మం ముందు

తలుపు పైన వేలాడే గుడ్డ తెర పేరు నొరెన్. అది బయట ఉంటే దుకాణం తెరిచినట్టు, లోపల ఉంటే మూసినట్టు. తెరిచే వేళకు మనిషి ఒకరు బయటికి వచ్చి, కర్రకు గుచ్చిన నొరెన్‌ను తలుపు పైన తగిలించి, "సిద్ధమవుతున్నాం" అనే పలకను "నడుస్తోంది" వైపు తిప్పడం చూస్తారు. అంతవరకు తలుపు లాగకండి. మూసిన తలుపు వెనక ఏముందో కనిపించక చాలామంది వెనక్కి మళ్లుతారు, అలా మళ్లవద్దు. తలుపు జరిపి, ఎంతమందో వేళ్లతో చూపితే చాలు. నలుగురికన్నా ఎక్కువమంది ఉంటే రెండు జట్లుగా విడిపోండి.

వీధిలో ఎదురొచ్చి పిలిచేవారి వెంట ఎన్నడూ వెళ్లకండి. టోక్యోలోని కబుకిచోలో అలాంటివారిని నమ్మవద్దని లౌడ్ స్పీకర్లలోనే హెచ్చరిస్తారు.

ఆరో దశ: లోపల

టికెట్ మిషను ఉంటే ముందు డబ్బు వేసి మీట నొక్కాలి. ఏది నొక్కాలో తెలియకపోతే పైవరసలో ఎడమ చివరిది నొక్కండి, సాధారణంగా దుకాణం పేరు తెచ్చుకున్న వంటకాన్ని అక్కడే పెడతారు. కౌంటరు ఖాళీగా ఉంటే కౌంటరులోనే కూర్చోండి, వంట చూస్తూ తినవచ్చు, పక్కవారి పళ్లెం చూపి అదే అడగవచ్చు. పిలవడానికి "సుమిమాసెన్" అంటే చాలు. ఇజకయాలో అడగకుండానే ఒక చిన్న గిన్నె వస్తుంది. దాని పేరు ఒతోషి, మనిషికి 300 నుంచి 500 యెన్ల వరకు బిల్లులో చేరుతుంది. అది మోసం కాదు, కూర్చున్నందుకు తీసుకునే రుసుము, కనుక వాదించవద్దు. టికెట్ మిషను లేని చోట, బల్లమీద పెట్టిన బిల్లు చీటీని తీసుకుని తలుపు దగ్గరి కౌంటరులో డబ్బు కట్టాలి. టిప్పు ఇవ్వకూడదు, బల్లమీద వదిలి వస్తే మరచిపోయారనుకుని వెనకనే పరుగెత్తుకొస్తారు. బయట వరస ఉంటే తిన్న వెంటనే లేవాలి.