పుట్టినరోజుకి ఇంట్లోనే సినిమా, పిజ్జా – 3వ పాఠం: ఫస్టాఫ్ అయ్యేలోపు పదకొండు పిజ్జాలు

మొదటి పాఠంలో పిల్లల లెక్క తేల్చుకున్నాం. పుట్టినరోజు బిడ్డతో కలిపి పదకొండు మంది, అందరూ ఏడెనిమిదేళ్ళవాళ్ళు. రెండో పాఠంలో గంటా నలభై నిమిషాలకు మించని సినిమా ఒకటి ఎంచుకున్నాం, దానికి యూ గానీ యూఏ 7+ గానీ సర్టిఫికెట్ ఉందని చూసుకున్నాం, హాల్లో గోడకి తెల్ల దుప్పటి కట్టాం. హైదరాబాద్‌లో డిసెంబరులో సుమారు ఐదూ ముప్పావుకే పొద్దు గూకుతుంది. అందుకే సినిమా 6:15కి మొదలు అనుకున్నాం. మీ ఇంట్లో పుట్టినరోజు మే నెలలో అయితే ఏడింటి దాకా ఆగాల్సిందే. వెలుతురు ఉంటే దుప్పటి మీద బొమ్మ తేలిపోతుంది.

ఇక వంటింట్లోకి వెళ్దాం. ఈ పార్టీలో టెన్షన్ అంతా ఒక్కచోటే ఉంటుంది. పిల్లలు పదకొండు మంది, మన ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో, ట్రేకి పట్టేది రెండే పిజ్జాలు. మొదటిసారి చేసినప్పుడు నేను ఈ లెక్క వేసుకోలేదు. ఇంటర్వెల్ ఇచ్చాక ఓవెన్ ఆన్ చేశాను. ఇద్దరు తింటుంటే తొమ్మిది మంది ఖాళీ ప్లేట్లతో వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. చివరి పిల్లకి పిజ్జా అందేసరికి తొమ్మిదైంది. అప్పటికే ఆ పిల్లకి కళ్ళు మూతలు పడుతున్నాయి. వాళ్ళ నాన్న వచ్చి భుజాన వేసుకుని తీసుకెళ్ళారు, పిజ్జా పొట్లం కట్టి ఇచ్చాను. ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. ఈ పాఠం మొత్తం అది మళ్ళీ జరగకుండా చూసుకోవడానికే.

ఉపాయం ఇది: పిల్లలు సినిమాకి ముందే ఎవరి పిజ్జా వాళ్ళు అలంకరించి మనకిచ్చేస్తారు. వాళ్ళు ఫస్టాఫ్ చూస్తుండగా మనం కాలుస్తాం. రెండు పిజ్జాలకి ఎనిమిది నిమిషాలు, అలా ఆరు వాయిలు, మొత్తం నలభై ఎనిమిది నిమిషాలు. సినిమాని 55వ నిమిషం దగ్గర ఆపుతాం. అందరి పిజ్జాలూ ఒకేసారి బల్ల మీదకి వస్తాయి. అంటే ఇంటర్వెల్ ఎక్కడ పడాలో చెప్పేది కథ కాదు, మన ఓవెన్.

ముందు పిండి. ఆరంగుళాల పిజ్జాకి వంద గ్రాముల ఉండ సరిపోతుంది, ఈ వయసు పిల్లలకి ఒక్కటితో కడుపు నిండుతుంది. పదకొండు పిల్లలకి, మూడు పెద్దవాళ్ళకి, వెరసి పద్నాలుగు. 850 గ్రాముల మైదా, చిన్న చెంచాతో మూడు చెంచాలకి కాస్త తక్కువ ఉప్పు, నాలుగు చెంచాల పంచదార, రెండున్నర చెంచాల ఇన్‌స్టంట్ ఈస్ట్, పెద్ద చెంచాతో మూడు చెంచాల నూనె, అర లీటరు గోరువెచ్చని నీళ్ళు. చంటిపిల్లకి లాల పోసే నీళ్ళంత వెచ్చగా ఉంటే చాలు, అంతకంటే వేడైతే ఈస్ట్ చచ్చిపోతుంది. మన మైదా కొన్నిసార్లు నీళ్ళు తక్కువ పీల్చుకుంటుంది. అందుకని ఆ అర లీటరులోంచే కప్పు నీళ్ళు పక్కన ఉంచుకుని, చివర్లో చూసి పోయండి.

పంచదార, నూనె దేనికని అడుగుతారు. పిజ్జా పుట్టిన నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 450 డిగ్రీల దాకా కాగుతుంది, నిమిషం నిమిషంన్నరలో పిజ్జా తయారైపోతుంది. అక్కడి పిండిలో పంచదార, నూనె వేయరు. మన ఓటీజీ 220, 250 దగ్గర ఆగిపోతుంది. ఆ వేడిలో ఎక్కువసేపు ఉంటే రొట్టె ఎండిపోతుంది, రంగు కూడా రాదు. పంచదార ఎర్రటి రంగు తెస్తుంది, నూనె మెత్తదనం నిలుపుతుంది.

పిండి చపాతీ పిండి కన్నా మెత్తగా, బొబ్బట్ల పిండి కన్నా గట్టిగా ఉండాలి. పది నిమిషాలు మర్దించండి. మొదటి మూడు నిమిషాలు చేతికి బంకలా అంటుకుంటుంది, అక్కడ కంగారుపడి మైదా చల్లకండి. అరచేతి మడమతో ముందుకి తోసి, మడిచి, మళ్ళీ తోయండి. ఐదో నిమిషం దాటాక గిన్నె అంచులు తనంతట తనే వదిలేస్తుంది. ఉసిరికాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్ళతో మెల్లగా సాగదీసి కిటికీకి ఎదురుగా పట్టుకోండి. తెగకుండా పల్చటి పొరలా సాగి, అందులోంచి వెలుతురు కనిపిస్తే పని అయినట్టే. తెగిపోతే ఇంకో రెండు నిమిషాలు.

నూనె రాసి, తడిగుడ్డ కప్పి పక్కన పెట్టండి. దోశ పిండి పొంగేది వేసవిలో ఒకలా, చలికాలంలో ఇంకోలా ఉంటుందని మీకు తెలిసిందే, ఇదీ అంతే. మేలో ముప్పావు గంటలో రెట్టింపు అవుతుంది. డిసెంబరులో గంటన్నర, రెండు గంటలు పట్టొచ్చు. గడియారం కన్నా వేలు నమ్మకం: వేలితో నొక్కితే గుంట మెల్లమెల్లగా సగం పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా టైముంది. అసలు పూడకపోతే ఎక్కువ పొంగింది, అలాంటి పిండి పుల్లని వాసన కూడా వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి కలిపితే మూడింటికి ఉండలు చేసుకోవచ్చు.

ఇప్పుడు ఈ పాఠంలో వదలకూడని మెట్టు. పార్టీకి ముందే, నాలుగింటికల్లా, పద్నాలుగు రొట్టెలూ వట్టివిగా సగం కాల్చి పెట్టుకోవాలి. 220 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు. కాల్చేముందు ఫోర్కుతో అక్కడక్కడా పొడవండి, లేకపోతే పూరీలా పొంగుతుంది. రంగు రానక్కర్లేదు, పైన తడి ఆరితే చాలు. ఎందుకంటే పిల్లలు సాసు రాసిన పిజ్జాల్లో చివరివి దాదాపు ముప్పావు గంట వంతు కోసం ఎదురుచూస్తాయి. పచ్చి పిండి అయితే ఆలోపు సాసులో నాని, నడుమ ముద్దలా ఉండిపోతుంది. సగం కాలిన రొట్టె ఆ తడిని తట్టుకుంటుంది.

సాసు ముందురోజే చేసుకోండి. కిలో బెంగళూరు టమాటాలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, నూనె, ఉప్పు, చిటికెడు పంచదార. నాటు టమాటాలో పులుపు, నీళ్ళు రెండూ ఎక్కువ. గరిటెతో గీస్తే గిన్నె అడుగు కనిపించి, గీత కాసేపు నిలిచేంత దగ్గర పడాలి. ఒక్కో పిజ్జాకి పెద్ద చెంచాన్నర, అంతకు మించి వద్దు. చీజ్ మొజరెల్లానే కొనండి. క్యూబుల్లో వచ్చే చీజ్ కరుగుతుంది గానీ సాగదు, పిల్లలకి ఆ తీగే కావాలి. ఒక్కోదానికి 40 గ్రాములు, అంటే 200 గ్రాముల ప్యాకెట్లు మూడు.

పైన వేసేవి ఏవైనా తడి లేకుండా ఉండాలి. మొక్కజొన్న గింజలు ఉడికించి గుడ్డ మీద ఆరబెట్టండి. క్యాప్సికం, ఉల్లిపాయ సన్నగా, పనీర్ చిన్న ముక్కలుగా. పార్టీ శనివారం పడితే మాంసం జోలికి పోవద్దు, చాలా ఇళ్ళలో ఆ రోజు తినరు. వేరే రోజైనా ముందుగా ఫోన్ చేసి అడగండి: "వదినా, మీవాడికి పాలు, చీజ్ పడతాయా? చికెన్ పెట్టొచ్చా?" అని. చికెన్ పెడితే పూర్తిగా ఉడికిందే పెట్టండి. దానికి గిన్నె, చెంచా, కోసే చక్రం వేరు.

5:30కి పిల్లలు వస్తారు. చేతులు కడిగించి బల్ల చుట్టూ కూర్చోబెట్టండి. ఒక్కొక్కరి ముందు చదరంగా కత్తిరించిన బేకింగ్ పేపరు, దాని మూల మీద పెన్సిల్‌తో పేరు. స్వీట్లకి చుట్టే మామూలు బటర్ పేపరు వాడొద్దు, ఓవెన్ వేడికి అది ఆగదు. కాగితం అంచు కడ్డీలకి తగలకుండా చిన్నగా కత్తిరించండి. మా పాప మొక్కజొన్న గింజల్ని ఒక్కొక్కటే ఏరి తన పేరులో మొదటి అక్షరం పేర్చింది. అది చూసి పక్కనున్న పిల్లాడు క్యాప్సికం ముక్కలతో మీసం పెట్టాడు. పావుగంట అనుకున్నది అరగంట పట్టింది, తొందరపెట్టలేదు. నాకు పార్టీ మొత్తంలో గుర్తుండిపోయిన అరగంట అదే.

ఓవెన్ ఆరింటికే ఆన్ చేయండి, పావుగంట కాగాలి. తెర మీద పేర్లు పడేటప్పుడు మొదటి రెండూ లోపలికి వెళ్ళాలి. చీజ్ కరిగి, అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు వస్తే తీసేయండి. తీసినవి హాట్‌బాక్సులో పెట్టొద్దు, ఆవిరికి రొట్టె మెత్తబడుతుంది. తీగల జల్లెడ మీద విడివిడిగా ఉంచి, ఇంటర్వెల్‌కి ముందు సన్నసెగ మీద దోశ పెనంలో నిమిషం వేడి చేయండి. అడుగు మళ్ళీ కరకరలాడుతుంది. పెద్దవాళ్ళ మూడూ సెకండాఫ్‌లో కాల్చుకోవచ్చు. ఓవెన్ దగ్గర పెద్దవాళ్ళొకరు ఎప్పుడూ ఉండాలి, పిల్లల్ని గడప లోపలికి రానివ్వొద్దు. మా ఇంట్లో ఆ కాపలా మా అత్తగారు తీసుకున్నారు, "లోపల పచ్చిగా లేదు కదే?" అని ప్రతి వాయికీ ఒకసారి అడుగుతూ.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది. ఈ ఆదివారం 120 గ్రాముల మైదా, పైన చెప్పిన కొలతల్లో ఏడో వంతు చొప్పున మిగతావన్నీ తీసుకుని రెండే రెండు పిజ్జాలు చేయండి. సగం కాల్చి, అలంకరించి, ముప్పావు గంట పక్కన పెట్టి, అప్పుడు మళ్ళీ కాల్చండి. ఓవెన్ తలుపు వేసిన క్షణం నుంచి తీసేదాకా ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసుకోండి. దాన్ని మీ వాయిల సంఖ్యతో హెచ్చవేసి, తలుపు తీసి పెట్టడానికి ఐదారు నిమిషాలు కలపండి. ఆ అంకె మీ ఇంటర్వెల్. సినిమాని ఆ నిమిషం దగ్గరికి జరిపి చూడండి. కథ మంచి పట్టులో ఉంటే అక్కడే ఆపొచ్చు, మరీ పాట మధ్యలో అయితే ఆ పాట అయ్యాక. పిల్లల చేత అట్టముక్క మీద "విశ్రాంతి" అని పెద్దక్షరాలతో రాయించి పెట్టుకోండి. కేకు ఎప్పుడు కోయాలి, చీకట్లో భయపడే పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి నాలుగో పాఠంలో.