పాత నాణేలు, పాత కత్తులు: సేకరణ మొదలుపెట్టేవారికి

నెల్లూరు ప్రాంతంలో 1786లో ఒక రైతు రాళ్ల గుట్ట పక్కన దున్నుతుండగా నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక కుండ, కుండలో రెండో శతాబ్దం నాటి రోమను బంగారు నాణేలు కనిపించాయి. అతడు వాటిని పాత బంగారం కింద అమ్ముకోగా చాలావరకు మూసలో కరిగిపోయాయి. ముప్పైకి పైగా నాణేలు ఆర్కాటు నవాబు కుటుంబం చేతికి దక్కబట్టి ఆ సంగతి ఈనాటికీ మనకు తెలుస్తున్నది. ఆ నాణేలు విడిగా ఏ సంతలోనో దొరికి ఉంటే వాటి విలువ బంగారం తూకమే. అవి మన మెట్టపొలంలో, గుడి పునాది కింద దొరికాయన్న సమాచారమే వాటిని చరిత్రగా మార్చింది. కాబట్టి సేకరించదలచినవారు ఏ వస్తువును చేతిలోకి తీసుకున్నా దాని ధర కంటే ముందు అది ఎక్కడ నుంచి, ఎవరి ఇంటి నుంచి వచ్చిందో అడగాలి.

మొదలు పెట్టడానికి రాగి నాణేలే మేలు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులోని సోహో టంకశాలలో కొట్టించిన 1808 నాటి ఇరవై కాసుల నాణెం మన వైపు పాత ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. దాదాపు 30 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. ఒకవైపు కంపెనీ చిహ్నం, రెండోవైపు పారశీక లిపి ఉంటాయి. అక్షరాలు నిగనిగలాడుతూ ఉన్న 1808 నాణెం తక్కువ ధరకు వస్తే సంబరపడే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆ నాణేలు మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే మునిగిపోయింది. తరువాతి కాలంలో సముద్రం అడుగు నుంచి తీసిన నాణేలు ఇప్పుడు విరివిగా అమ్ముడవుతున్నాయి. అవి అసలైనవే, కాని మన సంతల్లో ఎన్నడూ చేతులు మారలేదు. అరిగిపోయి అంచు నున్నబడిన నాణేన్నే నేను ఎక్కువగా ఇష్టపడతాను.

ఇక శుభ్రం చేయడం గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు. పదో తరగతిలో ఉండగా మా తాతగారి కావడిపెట్టెలో దొరికిన అటువంటి నాణేన్ని నేను చింతపండుతో, బూడిదతో ఇత్తడి బిందెను తోమినట్టు తోమాను. అది కొత్త రాగి చెంబులా ఎర్రగా మెరిసింది, రెండు వందల ఏళ్లుగా పట్టిన ముదురు గోధుమ రంగు పొర పోయింది, పారశీక అక్షరాల అంచులు కూడా చెరిగాయి. ఆ పొర మురికి కాదు, లోహాన్ని కాపాడే కవచం. దుమ్ము ఉంటే మెత్తని కుంచెతో దులిపితే చాలు. నాణెం మీద పొడిపొడిగా రాలే లేత పచ్చ మచ్చలు వస్తే మాత్రం అది ఉప్పుగాలి తెచ్చే జబ్బు. దానిని వెంటనే మిగతా వాటి నుంచి వేరు చేసి, తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి. శాతవాహనుల నాటి సీసపు నాణేలను కొయ్య పెట్టెల్లోనూ అట్టపెట్టెల్లోనూ పెట్టకూడదు, ఎందుకంటే వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లని పొడిగా రాలిపోతుంది.

ఆయుధాల విషయంలో కంటితో నిశితంగా పరిశీలించడం మరింత అవసరం. కటారి, తల్వారు, బల్లెపు మొన, డాలు అంటూ పాతవిగా చూపించి అమ్మేవాటిలో కొత్తవి చాలా ఉంటాయి. ఆమ్లం పూసి తెప్పించిన తుప్పు నారింజ రంగులో అంతటా ఒకే తీరుగా ఉంటుంది. నిజమైన పాత ఇనుము నల్లబడి ఉంటుంది, చెయ్యి పట్టే చోట పిడి నున్నగా అరిగి ఉంటుంది. కొన్ని ప్రాచీన ఉక్కు కత్తుల అలుగు మీద నీటి అలల వంటి చారలు ఉంటాయి గాని, పైపైన గీసిన నకిలీ చారలు అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో తిరిగి తిరిగి వస్తాయి. గరుకు కాగితంతో రుద్దితే అసలైన అలలు కూడా చెరిగిపోతాయి. పలుచగా కుట్టుమిషను నూనె రాసి, తోలు ఒరలో కాకుండా నూలుగుడ్డలో చుట్టి ఉంచాలి. తోలు మన తీరపు తేమను పీల్చి ఇనుముకు అంటిస్తుంది. చూపు పదును పెట్టుకోదలిస్తే నెల్లూరు నుంచి ఉదయం రైలెక్కి చెన్నై వెళ్లి, ఎగ్మోరు మ్యూజియంలోను, సెయింట్ జార్జి కోటలోని మ్యూజియంలోను అద్దాల వెనుక ఉన్న ఆయుధాలను తాపీగా చూడవచ్చు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం సాధారణంగా వందేళ్లు దాటిన వస్తువులు, విలువైన రాతప్రతులైతే 75 ఏళ్లు దాటినవి, పురావస్తువులు. వాటిని దేశం దాటించడం నేరం, వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. రాతి, లోహ శిల్పాల వంటివి మీ చేతికి వస్తే నమోదు చేయించాలి. నేలలో దాగి ఉండి దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఉదయగిరి కోటలోనో, చందవరం స్తూపం దగ్గరో గుప్తనిధుల ఆశతో గునపం వేసేవారికి సేకర్తలు అన్న పేరు తగదు, వారు దొంగలే. పేల్చడానికి వీలున్న మందు దట్టించే తుపాకీ ఎంత పాతదైనా లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచకూడదు. బాగు చేసినా పేలని పాత తుపాకీకి ఆయుధాల చట్టంలో మినహాయింపు ఉంది గాని, అది పేలదని రుజువు చేసుకోవలసింది మీరే, కాబట్టి కొనకముందే పోలీసుస్టేషనులో విచారించుకోవడం మంచిది.

వస్తువు ఇంటికి రాగానే ఒక నోటుపుస్తకంలో తేదీ, ఇచ్చినవారి వివరం, ఊరు, బరువు, వెడల్పు, చెల్లించిన ధర రాసి, పక్కన రెండు వైపుల ఫొటోలు అంటించాలి. నా పుస్తకంలో మొదటి వరుస ఇలా ఉంది: ఇరవై కాసులు, 1808, రాగి, తాతగారి పెట్టె, కావలి, పరిస్థితి: చింతపండుతో తోమబడినది.